ఆర్‌సీ కార్లకు మన్నికైన హెక్స్ డ్రైవర్లు ఎంచుకోవడం: చివరి అయిదు మిల్లీమీటర్ల సంగతి

ఆర్‌సీ కారు, అంటే రేడియో కంట్రోల్‌తో నడిచే చిన్న కారు, విప్పుతున్నప్పుడు ఒక చెడ్డ క్షణం చేతికి ముందు తెలుస్తుంది, కంటికి తరువాత కనబడుతుంది. డ్రైవర్ మొన స్క్రూ తలలో కూర్చుంటుంది, పిడి తిప్పుతున్నకొద్దీ బిగువు పెరుగుతుంది, ఇక వదులవుతుందనుకున్న చోట స్క్రూ కదలకుండా పిడి ఒక్కటే వేళ్ళలో మెత్తగా జారిపోతుంది. మొన పైకి తీసి చూస్తే స్క్రూ తలలోని గుంట ఆరు మూలలూ అరిగి గుండ్రంగా మారి ఉంటుంది, డ్రైవర్ కొనకు వెంట్రుకంత లోహపు పొట్టు అంటుకుని ఉంటుంది. అయిదు నిమిషాల్లో ముగియవలసిన పని అక్కడి నుంచి సాయంకాలమంతా సాగుతుంది.

ఆ జారుడుకు కారణం చాలాసార్లు స్క్రూ కాదు, దానిలో పెట్టిన హెక్స్ డ్రైవర్, అంటే ఆరు పలకల మొన ఉన్న డ్రైవర్. డ్రైవర్ మన్నికంతా కాడ చివరి అయిదు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. పిడి అందమూ పెట్టె మీది పేరూ దాని తరువాతే. ఆ కొనను ఎలా చూడాలో, ఎలా కొలవాలో, కొన్న తరువాత ఎలా కాపాడుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ముందుగా పేరు గురించి ఒక మాట చెప్పాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని హార్డ్‌వేర్ దుకాణంలోకి వెళ్ళి హెక్స్ డ్రైవర్ కావాలని అడిగితే దుకాణదారు ఒక్కోసారి తికమకపడతాడు; “అలెన్ కీ, కానీ స్క్రూడ్రైవర్‌లా పిడి ఉండేది” అంటే వెంటనే తీసి చూపిస్తాడు. కొన్నిచోట్ల దీన్నే “ఎల్‌ఎన్‌ కీ” అని కూడా అంటారు.

ముందుగా కారులో ఏ స్క్రూలు ఉన్నాయో తెలుసుకోవాలి

డ్రైవర్ కొనడానికి ముందు కారును తిరగేసి, స్క్రూల తలలను ఒక్కొక్కటిగా చూడాలి. నేటి ఆర్‌సీ కార్లలో అత్యధికం మెట్రిక్ కొలతల్లోనే వస్తున్నాయి కాబట్టి 1.5, 2.0, 2.5, 3.0 మిల్లీమీటర్లు అనే నాలుగు సైజులతో దాదాపు పనంతా నడుస్తుంది. అయితే సైజును స్క్రూ మందమొక్కటే నిర్ణయించదు, తల ఆకారం కూడా నిర్ణయిస్తుంది. అదే ఎం3 స్క్రూ (మర మందం 3 మి.మీ.) పొడవాటి గుండ్రని తలతో, అంటే క్యాప్ హెడ్‌తో వస్తే 2.5 మి.మీ. డ్రైవర్ పడుతుంది, బొత్తాంలా ఉబ్బిన బటన్ హెడ్‌తోగానీ, ఛాసీ అడుగున సమంగా కూర్చునే కౌంటర్‌సంక్ తలతోగానీ వస్తే 2.0 మి.మీ. పడుతుంది. ఎం4 క్యాప్ హెడ్‌కు 3.0, ఎం4 బటన్ హెడ్‌కు 2.5 కావాలి. తల లేని గ్రబ్ స్క్రూలకు లెక్క వేరు: ఎం3కి 1.5, ఎం4కి 2.0, ఎం5కి 2.5.

ఈ లెక్కను కారు మీద పరిచి చూస్తే 1/10 స్కేలు కారులో (అసలు కారులో పదో వంతు సైజుది) పనిలో సింహభాగం 2.0 మీద పడుతుందని, అన్నిటికన్నా ప్రమాదకరమైన పని మాత్రం 1.5 మీద పడుతుందని అర్థమవుతుంది. మోటారు పినియన్‌ను, అంటే చిన్న పళ్ళచక్రాన్ని, ఇరుసుకు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ చాలా కార్లలో ఎం3యే, దానికి థ్రెడ్‌లాక్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) కూడా పూసి ఉంటుంది. అన్నిటికన్నా సన్నటి మొనతో అన్నిటికన్నా మొండి స్క్రూను విప్పవలసి రావడం ఈ వ్యసనంలోని పెద్ద అన్యాయం. డబ్బు తక్కువగా ఉంటే దాన్ని ముందు 1.5, 2.0 మీదే పెట్టాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

పాత అమెరికన్ కార్లు ఉన్నవారు ఇక్కడే ఒక ఉచ్చు గమనించాలి. టీమ్ అసోసియేటెడ్, లోసీ వంటి సంస్థల పాత కిట్లలో అంగుళాల కొలత స్క్రూలు ఉండేవి. అంగుళంలో 1/16 వంతు అంటే 1.59 మి.మీ., 5/64 అంటే 1.98 మి.మీ., 3/32 అంటే 2.38 మి.మీ. వీటిలో 5/64 డ్రైవర్ 2.0 మి.మీ. గుంటలో ఇంచుమించు సరిగ్గానే కూర్చుంటుంది కాబట్టి పెద్ద నష్టమేమీ జరగదు. 3/32 డ్రైవర్ మాత్రం 2.5 గుంటలోకి హాయిగా దిగి, హాయిగా తిరిగి, మూలలన్నిటినీ చెక్కేస్తుంది. సెకండ్ హ్యాండ్ కారుతో పాటు పాత డ్రైవర్ల కట్ట కూడా చేతికి వచ్చినప్పుడు వాటి పిడుల మీది అంకెలు చదవకుండా వాడడం మంచిది కాదు. టామియా కిట్లలో చాలావాటికి హెక్స్ స్క్రూల బదులు ప్లస్ గుర్తు తల ఉన్న జపాన్ ప్రమాణపు స్క్రూలు వస్తాయి. వాటికి జేఐఎస్ మొన ఉన్న డ్రైవర్ విడిగా కొనుక్కోవాలి.

గుంట ఎంత లోతు, మొన ఎంత వదులు

డ్రైవర్ ఎందుకు జారుతుందో అర్థమైతే దేన్ని ఎంచుకోవాలో సగం తెలిసినట్టే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఎం3 క్యాప్ హెడ్‌లో గుంట లోతు కనీసం 1.3 మి.మీ. ఉండాలి; ఎం3 బటన్ హెడ్‌లో కనీసం 1.04 మి.మీ. ఉంటే చాలు. అంటే కారులో మనం ఎక్కువగా విప్పే బటన్ హెడ్ స్క్రూను పట్టుకోవడానికి డ్రైవర్‌కు ఒక్క మిల్లీమీటరు లోతు మాత్రమే దొరుకుతుంది. చాలా చవక డ్రైవర్ల కొనను గుంటలోకి సులువుగా దిగడం కోసం చుట్టూ వాలుగా చెక్కి ఉంచుతారు. ఆ వాలు 0.4 మి.మీ. ఉందనుకుంటే, స్క్రూను నిజంగా పట్టే భాగం 0.64 మి.మీ. మాత్రమే మిగులుతుంది. అంటే పట్టులో మూడో వంతుకు మించి మనం దుకాణంలోనే వదిలేసి వచ్చామన్నమాట.

ఇక వదులు సంగతి. 2 మి.మీ. క్యాప్ స్క్రూ గుంట పలక నుంచి ఎదుటి పలకకు 2.02 నుంచి 2.08 మి.మీ. వరకు ఉండవచ్చని ప్రమాణం చెబుతుంది. మధ్యస్థంగా 2.05 అనుకుందాం. అందులో 1.98 మి.మీ. మొన పెడితే అది ఇరువైపులా సుమారు 3.7 డిగ్రీలు కదిలి పలకలకు ఆనుతుంది. మొన 1.95 అయితే ఆ కదలిక 5.6 డిగ్రీలవుతుంది, 1.90 అయితే 9 డిగ్రీలు దాటుతుంది. మొన కేవలం 0.08 మి.మీ. సన్నబడితే, అంటే సుమారు ఒక మందపాటి వెంట్రుకంత తగ్గితే, వదులు రెండింతలకు మించిపోయింది. అలా వదులు పెరిగినకొద్దీ మొన మూల గుంట పలక మీద మరింత కోణంగా ఆని, బలమంతా సూదిమొనంత చోటులో పడుతుంది. మూల ముందు తానరుగుతుంది, తరువాత స్క్రూను అరగదీస్తుంది, ఆ అరుగుదలతో మళ్ళీ తానరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే పది స్క్రూలతో ఆగదు.

నేను ఈ లెక్క నేర్చుకున్నది పుస్తకంలో కాదు. మొదట్లో ఆన్‌లైన్‌లో కొన్న ఒక సెట్ పెట్టెలో పసిడి రంగు మొనలు ధగధగలాడుతూ వచ్చాయి. రెండు నెలలు తిరగకుండానే నా బగ్గీ కారు గేర్‌బాక్సును పట్టుకునే కౌంటర్‌సంక్ స్క్రూలు నాలుగింటిలో మూడు జారిపోయాయి. తప్పంతా స్క్రూలదేనని కొత్తవి తెప్పించాను. అవీ అలాగే పోయాయి. అప్పుడు, ఎందుకో తోచి, వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) తీసి 2.0 డ్రైవర్ మొనను కొలిచాను. ఒక జత పలకల మధ్య 1.93, పక్క జత మధ్య 1.90, మూడో జత మధ్య 1.94 చూపించింది. అది అరిగి అలా అయిందా, పుట్టుకతోనే అలా ఉందా అని చూడడానికి అదే సెట్‌లో అప్పటికి ఒక్కసారి కూడా వాడని 3.0 డ్రైవర్‌ను కొలిచాను, అది 2.91 ఉంది. పైన పటారం, లోన లొటారం అనే మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నా పనిబల్ల మీద మరొకటి లేదు.

ఉక్కు: గట్టిదనం ఒక్కటే చాలదు

ఆర్‌సీ కార్లలో వాడే మంచి నల్లటి స్క్రూలు 12.9 అనే బలపు తరగతివి. వాటి కాఠిన్యం రాక్‌వెల్ సి కొలమానంలో 39 నుంచి 44 వరకు ఉంటుంది. డ్రైవర్ మొన దానికన్నా బాగా పైన ఉండాలి. ఎస్2 అనే పనిముట్ల ఉక్కుతో సరిగ్గా చేసిన మొనలు సాధారణంగా 58 నుంచి 60 మధ్య ఉంటాయి. హై స్పీడ్ స్టీల్‌తో చేసినవి 62 దాటగలవు. క్రోమ్ వెనేడియం అని ముద్ర ఉన్నవి తయారీదారును బట్టి మంచివీ ఉంటాయి, నాసిరకమూ ఉంటాయి. ఆ ముద్ర లోహంలో ఏమి కలిపారో చెబుతుందే తప్ప దానికి పదును ఎలా పట్టించారో, అంటే వేడిచేసి ఎలా గట్టిపరిచారో, చెప్పదు.

అలాగని అన్నిటికన్నా గట్టిది అన్నిటికన్నా మంచిదనుకోకూడదు. గట్టిదనం పెరిగినకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. 2.5, 3.0 సైజుల్లో హై స్పీడ్ స్టీల్ మొన ఏళ్ళ తరబడి మూలలు పోకుండా నిలుస్తుంది. 1.5 సైజులో మాత్రం, ముఖ్యంగా చేయి బరువుగా ఉన్నవారి దగ్గర, అది వంగకుండా నేరుగా విరిగి గ్రబ్ స్క్రూ గుంటలోనే ముక్క మిగిల్చే ప్రమాదం ఉంది. అందుకే 1.5 సైజుకు కొంచెం మెలికను ఓర్చుకునే స్ప్రింగ్ స్టీల్‌గానీ ఎస్2గానీ మేలని, 2.0, అంతకు పైసైజులకు మరింత గట్టి ఉక్కు మేలని నా అభిప్రాయం. ఒకే సెట్‌లో అన్నీ ఒకే ఉక్కుతో ఉండాలన్న నియమమేమీ లేదు.

పసిడి రంగు పూత గురించి కూడా చెప్పాలి. అది టైటేనియం నైట్రైడ్ పూత. దాని మందం కొన్ని మైక్రోమీటర్లే. పూత మటుకు నిజంగానే చాలా గట్టిది, కింద ఉన్న ఉక్కు కూడా గట్టిదైతే అరుగుదలను తగ్గిస్తుంది. కింద మెత్తని ఉక్కు ఉంటే మాత్రం మెత్తని చపాతీ మీద అప్పడం పెట్టినట్టు, ఒత్తిడి పడగానే పూత పగిలి ఊడుతుంది. రంగు చూసి కొనడం కన్నా ఉక్కు పేరు, కాఠిన్యం స్పష్టంగా రాసిన సరుకును వెతకడం మంచిది.

మొన ఆకారం

కొన ఎదుటి ముఖం అద్దంలా చదునుగా, కాడకు సరిగ్గా లంబంగా ఉండాలి. మూలలు గోటితో తడిమితే పదునుగా తగలాలి. చుట్టూ వాలు ఉంటే అది కంటికి సన్నని గీతలా మాత్రమే కనబడాలి. దుకాణంలో వెలుతురుకు అడ్డంగా పెట్టి పక్క నుంచి చూస్తే ఇది అర నిమిషంలో తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు పిడి ఫోటోలను వదిలి, మొనను దగ్గరగా చూపే ఫోటో ఉందా అని చూడాలి. మొనను చూపించడానికి ఇష్టపడని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే నయం.

గుండ్రటి బంతి కొన ఉన్న డ్రైవర్లు వేరే జాతి. వాటిని పాతిక డిగ్రీల వరకు వాల్చి పట్టుకుని కూడా స్క్రూ తిప్పవచ్చు. షాక్ టవర్ (షాక్ అబ్జార్బర్లను పట్టే పలక) వెనకో, సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) పక్కనో డ్రైవర్ నిటారుగా పట్టని చోట అవి వరప్రసాదాలే. కానీ బంతి కొన గుంట పలకలను సన్నని గీత వెంబడి మాత్రమే తాకుతుంది, దాని మెడ కూడా కాడకన్నా సన్నగా ఉంటుంది. అందుచేత బిగుసుకున్న స్క్రూను మొదట కదిలించడానికీ, చివరి బిగువు ఇవ్వడానికీ తిన్నని మొనే వాడాలి. మధ్యలోని ఖాళీ తిప్పుడుకు బంతి కొన వాడవచ్చు. 2.0, 2.5 సైజుల్లో ఒక్కొక్క బంతి కొన డ్రైవర్ అదనంగా ఉంటే చాలు. 1.5లో బంతి కొన కొనడం డబ్బు పారేసుకోవడమే.

జర్మనీకి చెందిన వేరా సంస్థ హెక్స్ ప్లస్ పేరుతో మరో ఆకారం చేస్తుంది. అందులో బలం మూల అంచు మీద కాక పలక మీద కాస్త విశాలంగా పడేలా మొనను మలుస్తారు. కొద్దిగా అరిగిన గుంటల్లో అది మామూలు మొనకన్నా మెరుగ్గా పట్టడం నేను స్వయంగా చూశాను.

కాడ, పిడి

మెలికను తట్టుకునే శక్తి కాడ మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. 2.0 మి.మీ. కాడ భరించే బలంలో 1.5 మి.మీ. కాడ నూటికి 42 వంతులు మాత్రమే భరిస్తుంది. మెలి తిరగకుండా బిగువుగా ఉండే గుణమైతే మందపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి 1.5 డ్రైవర్ కాడ మొత్తం 1.5 మి.మీ. సన్నగా, 120 మి.మీ. పొడవుగా ఉంటే పిడి తిప్పినప్పుడు ముందు కాడ రబ్బరులా మెలి తిరుగుతుంది, ఆ తరువాతే స్క్రూ కదులుతుంది. ఎంత బలం పెడుతున్నామో చేతికి తెలియకపోవడం అప్పుడే మొదలవుతుంది. దీనికి పరిష్కారంగా మంచి తయారీదారులు కాడను మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంతో ఉంచి, చివర కొంత భాగాన్ని మాత్రమే సన్నగా చెక్కుతారు. 4 మి.మీ. కాడ 1.5 మి.మీ. కాడకన్నా మెలికకు నలభై యాభై రెట్లు ఎక్కువ బిగువుగా నిలుస్తుంది. అయితే లోతైన ఇరుకు రంధ్రాల్లోకి ఆ మందపాటి కాడ దిగదు. మీ కారులో అలాంటి చోట్లు ఉన్నాయా అన్నది ముందే చూసుకోవాలి.

పిడి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గరుకు గళ్ళు చెక్కిన అల్యూమినియం పిడి తేలికగా ఉంటుంది, గ్రీజు అంటిన వేళ్ళకు కూడా పట్టు దొరుకుతుంది. వెనక టోపీ విడిగా తిరిగితే చూపుడు వేలితో అదిమి తిప్పడం సులువు. 1.5 డ్రైవర్‌కు లావుపాటి పిడి పెట్టుకోకూడదు, ఎందుకంటే పిడి ఎంత లావైతే సన్నని మొనకు పెట్టే బలం అంత తెలియకుండా పెరుగుతుంది. పిడి వెనక సైజు అంకె చెరిగిపోకుండా చెక్కి ఉండాలి, స్టిక్కరు మాత్రమే ఉంటే నైట్రో ఇంధనమో మోటారు క్లీనరో తగిలి నెలలో పోతుంది.

ఏవి కొనాలి

ఇరవై ముక్కల పెట్టె ఒకటి కొనడం కన్నా మంచి డ్రైవర్లు మూడు విడిగా కొనడం ఎప్పుడూ లాభమే: 1.5, 2.0, 2.5. ఎనిమిదో వంతు స్కేలు కారు ఉన్నవారు 3.0 కూడా చేర్చుకోవాలి. మొన విడిగా మార్చుకునే వీలున్నవాటికే నా ఓటు. మొన అరగడం తప్పదు, బ్రేకు ప్యాడ్‌లా దాన్ని ఖర్చయ్యే వస్తువుగానే లెక్కించాలి. మొన మార్చుకోగలిగితే పిడి జీవితకాలం ఉంటుంది. ఆర్‌సీ రంగంలో స్లొవేకియాకు చెందిన హూడీ, అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఎంఐపీ చాలాకాలంగా పేరున్నవి. మామూలు పనిముట్ల రంగంలో జర్మనీ వేరా, విహా, స్విట్జర్లాండ్ పీబీ స్విస్, అమెరికా బాండస్ కొలతలో నమ్మదగినవి. ఏ పేరైనా సరే, విడి మొనలు మనకు దొరికే మార్గం ఉందా అని ముందు చూసుకోవాలి. విదేశం నుంచి ఒక్క మొన తెప్పించుకుంటే తపాలా, కస్టమ్స్ ఖర్చే మొన ధరను మించిపోవచ్చు. అందుకని తెప్పించినప్పుడే 1.5, 2.0 మొనలు రెండేసి అదనంగా తెప్పించుకోవడం తెలివైన పని.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఒక దారి ఉంది. పావు అంగుళం షడ్భుజ మొదలు ఉండి 100 మి.మీ. పొడవున్న ఎస్2 బిట్లు మన హార్డ్‌వేర్ దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. వాటిని పట్టే ఒక మంచి పిడి కొని, 2.0, 2.5 బిట్లను వెర్నియర్‌తో కొలిచి ఏరుకుంటే ఖరీదైన సెట్‌కు సమీపంలోకి వచ్చే సరంజామా తయారవుతుంది. దుకాణంలో నిలబడి వెర్నియర్ తీస్తే యజమాని వింతగా చూస్తాడు, చూడనివ్వండి. కారు కిట్‌తో ఉచితంగా వచ్చే ఎల్ ఆకారపు కీలను పారేయవద్దు, పెట్టె అడుగున దాచి మరేదీ పట్టని మూలల్లో వాడుకోవచ్చు. కానీ రోజువారీ పని వాటితో చేయవద్దు.

ఇంటికి తెచ్చాక పరీక్షించే పద్ధతి

మొదట మొనను గుడ్డతో తుడిచి, మూడు జతల పలకల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో విడివిడిగా కొలవాలి, మొన చివరన ఒకసారి, అక్కడి నుంచి మూడు మిల్లీమీటర్ల పైన ఒకసారి. 2.0 డ్రైవర్ మూడు జతల్లోనూ 1.97 నుంచి 2.00 మధ్య ఉంటే నేను ఉంచుకుంటాను, 1.95కు తగ్గితే తిరిగి పంపేస్తాను. మూడు జతల మధ్య తేడా 0.02 దాటకూడదు. మామూలు డిజిటల్ వెర్నియర్ కూడా అంత మేర తప్పు చూపగలదు కాబట్టి ప్రతి కొలతను రెండుసార్లు తీసుకోవాలి.

తరువాత కొత్త 12.9 స్క్రూ ఒకటి తీసుకుని అందులో మొన పెట్టి డ్రైవర్‌ను నిలువుగా తలకిందులుగా పట్టుకోవాలి. సరైన మొన అయితే స్క్రూ తన బరువుకు ఊడిపడకుండా నిలవడమో, పడినా కాస్త తటపటాయించి పడడమో జరుగుతుంది. పిడిని అటూ ఇటూ ఊపి చూస్తే కదలిక కంటికి కనబడీ కనబడనట్టు ఉండాలి. చివరగా చదునైన ఇనుప బల్లమీద డ్రైవర్‌ను దొర్లించి చూస్తే కాడ వంకర ఉంటే మొన గిరగిరా ఎగిరెగిరి పడుతుంది. ఆకురాయి పరీక్ష కూడా ఉంది: మొన ఎదుటి ముఖం మీద మంచి ఆకురాయిని మెల్లగా లాగితే గట్టి ఉక్కు మీద అది గాజు మీద జారినట్టు జారాలి, కోరుకుని పొట్టు లేపకూడదు. దీన్ని ఖరీదైన డ్రైవర్ మీద చేయనక్కరలేదు, అనుమానం ఉన్న చవకదాని మీద చేస్తే చాలు.

వాడే తీరు

మంచి డ్రైవర్‌ను కూడా గుంటలోని మట్టి పాడుచేస్తుంది. ఒక్క మిల్లీమీటరు లోతున్న గుంటలో అర మిల్లీమీటరు మన్ను గట్టిపడి కూర్చుంటే మొనకు పట్టు సగమే. కాబట్టి విప్పడానికి ముందు ప్రతి గుంటను సూదిలాంటి పుల్లతో గీకి, బ్రష్‌తో దులపడం అలవాటు చేసుకోవాలి. ఛాసీ అడుగు స్క్రూలకు ఇది తప్పనిసరి. విశాఖ తీరంలో ఇసుక మీద కారు నడిపేవారు ఇసుకతో పాటు ఉప్పుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎస్2 ఉక్కుకు తుప్పు పడుతుంది. పని అయ్యాక మొనలకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క పూసి తుడిస్తే సరిపోతుంది.

విప్పేటప్పుడు ఒక క్రమం ఉంది. మొన నిటారుగా గుంట అడుగు తగిలేదాకా దించాలి. అరచేతితో పిడి వెనక గట్టిగా అదమాలి. అప్పుడు వేళ్ళతో మెల్లగా తిప్పాలి. బలంలో అదుముడు ఎక్కువ, తిప్పుడు తక్కువ ఉండాలి. మొదటి ప్రయత్నంలో కదలకపోతే అక్కడే ఆగి కారణం వెతకాలి; అక్కడ ఆగని చేతివల్లే నూటికి తొంభై స్క్రూలు పోతాయని నా అనుభవం చెబుతోంది. కారణం చాలాసార్లు థ్రెడ్‌లాక్ అయి ఉంటుంది. నీలిరంగు మధ్యస్థ రకాన్ని మామూలుగా చేతితోనే విప్పవచ్చు, మొరాయిస్తే టంకం వేసే ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం ఆనించి వేడెక్కించాలి. ఎర్ర రకం మరింత వేడి కోరుతుంది; ఆర్‌సీ కారులో చిన్న స్క్రూలకు దాన్ని పూయడమే పొరపాటు. ఎం3, అంతకు చిన్న వాటికి ఊదారంగు తక్కువ బలపు రకం వాడితే డ్రైవర్ మొన ఆయుష్షు పెరుగుతుంది. చుట్టూ ప్లాస్టిక్ ఉన్న చోట వేడి ఎక్కువసేపు పెట్టకూడదు.

కరెంటు డ్రైవర్లకు నేను వ్యతిరేకిని కాను. పాతిక స్క్రూలు విప్పే రోజున అవి మణికట్టును కాపాడతాయి. అయితే మొదటి కదిలింపు, చివరి బిగింపు చేతితోనే జరగాలి; మధ్యలో నెమ్మది వేగంతో, క్లచ్ ఉంటే అతి తక్కువ బిగువు మీద పెట్టి వాడాలి. 1.5 మొనను కరెంటు డ్రైవర్‌కు ఎన్నడూ తగిలించవద్దు. స్టెయిన్‌లెస్, టైటేనియం, అల్యూమినియం స్క్రూలు వాడేవారు మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే అవి 12.9 ఉక్కుకన్నా మెత్తనివి కాబట్టి మొన కొంచెం అరిగినా తామే ముందు పోతాయి.

అరిగిన మొనను మళ్ళీ వాడుకలోకి తేవడం

రెండు మూడు వారాలకొకసారి మొనను భూతద్దంలో చూడాలి. మూలలు మెరుస్తూ గుండ్రబడితే, లేదా ఒక పక్కకు మెలి తిరిగినట్టు కనబడితే అది ఇక స్క్రూలను తినడం మొదలుపెడుతుంది. కాడ చివర తగినంత పొడవున షడ్భుజంగానే ఉంటే దాన్ని పారేయనక్కరలేదు. డ్రెమెల్ లాంటి చిన్న యంత్రానికి కోసే చక్రం తగిలించి, అరిగిన ఒకటి రెండు మిల్లీమీటర్లను కాడకు లంబంగా కోసేయాలి. ప్రతి రెండు సెకన్లకూ మొనను నీళ్ళలో ముంచాలి. ఉక్కు ఎండుగడ్డి రంగు తిరిగేలోపే ఆగాలి. నీలిరంగు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల చుట్టుపక్కలకు చేరి పదును దిగిపోయిందని అర్థం, ఆ భాగాన్ని కూడా కోసేయాల్సిందే. చివరగా సానరాయి మీద నూనె వేసి ఎదుటి ముఖాన్ని నాలుగుసార్లు రుద్ది అంచున లేచిన పొట్టును మాత్రం తీయాలి, మూలలను గుండ్రం చేయకూడదు. రక్షణ కళ్ళజోడు పెట్టుకుని చేయవలసిన ఈ పని పది నిమిషాలు పడుతుంది. బంతి కొన అరిగినా ఇదే పద్ధతిలో దాన్ని తిన్నని మొనగా మార్చుకోవచ్చు.

ఇప్పటికే గుంట పోయిన స్క్రూ ఎదురైతే, అదే డ్రైవర్‌తో మరోసారి ప్రయత్నించి చూడాలన్న కక్కుర్తిని ముందు అణచుకోవాలి. 2.0 గుంట అరిగితే ఆరు ముక్కుల టార్క్స్ బిట్లలో టి-8, అది వదులైతే టి-9 చిన్న సుత్తితో మెల్లగా కొట్టి దించాలి, 2.5 గుంటకు టి-10 సరిపోతుంది. థ్రెడ్‌లాక్ ఉందనిపిస్తే బిట్ దించడానికి ముందే వేడి పెట్టాలి. తల పైకి తేలి ఉన్న స్క్రూ అయితే కోసే చక్రంతో తల మీద అడ్డంగా గాడి తీసి మామూలు చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పవచ్చు. బయటికి వచ్చిన ఆ స్క్రూను డబ్బాలో మళ్ళీ వేయవద్దు. చెత్తలో వేసి, దాన్ని పాడుచేసిన మొనను అక్కడికక్కడే వెర్నియర్‌తో కొలిచి, తరువాతి స్క్రూ జోలికి వెళ్ళండి.